మూడో జ్ఞాని గౌనూ, తెగిన చెప్పూ: పాలకొల్లు డ్రెస్సుల కొట్టు గురించి

పాలకొల్లులో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టొకటి ఉంది. బోర్డు లేదు. క్షీరారామం గోపురం కనబడేంత దూరంలో ఒక పాత మండువా ఇల్లు, దాని వీధరుగు మీద గాజు బీరువా, అందులో రెండు కిరీటాలు, ఒక గద, దుమ్ముకొట్టుకుపోయిన నెమలి పింఛం. బోర్డంటే అదే. చుట్టుపక్కల ఎవర్ని అడిగినా "డ్రెస్సుల కొట్టా?" అని చెయ్యి చూపిస్తారు. నేనూ పేరు రాయడం లేదు. ఇందులో ఒక చెప్పు గొడవ ఉంది, ఆ పెద్దాయనతో నాకింకా పని ఉంది.

నేను రొయ్యల మేత డీలర్ని. మాది వీరవాసరం పక్కన. నాటకాలతో నాకు సంబంధం లేదు, చిన్నప్పుడు శివరాత్రికి చాప పట్టుకెళ్ళి చూడడం తప్ప. ఈ జనవరిలో, భోగికి మూడు రోజుల ముందు, మా డిగ్రీ కాలేజీ పాత విద్యార్థులం కలిసి షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్' నాటకాన్ని తెలుగులో, గంటన్నరకి కుదించి వేశాం. మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారే తెలుగు చేశారు, ఆయనే నేర్పించారు. ఆయన రిటైరై పదేళ్ళు దాటింది, కానీ వేలు చూపిస్తే ఇప్పటికీ లేచి నిలబడతాం. నాకు ఆయన చూపించిన వేషం లెపిడస్.

"అతనెవరు?" అంది మా ఆవిడ. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలీదు. రోమ్‌ని ఏలిన సీజర్ తెలుసు, అతన్ని పొడిచిన బ్రూటస్ తెలుసు, స్మశానం లాంటి నిశ్శబ్దంలో సీజర్ శవం పక్కన నిలబడి జనాన్ని రెచ్చగొట్టే ఆంటోనీ తెలుసు. ఈ లెపిడస్ మాత్రం నాటకం మొత్తంలో మాట్లాడేది మూడు సార్లు, మూడూ నాలుగో అంకం మొదటి సీన్లోనే. సీజర్ చచ్చాక రోమ్‌ని ముగ్గురు పంచుకుంటారు: ఆంటోనీ, ఆక్టేవియస్, లెపిడస్. బల్ల చుట్టూ కూర్చుని, ఎవరెవర్ని చంపాలో జాబితా రాసి, పేరు పేరుకీ చుక్క పెడుతుంటారు. ఆక్టేవియస్ అంటాడు: మీ అన్న కూడా చావాలి, ఒప్పుకుంటావా లెపిడస్? "ఒప్పుకుంటాను." మొదటి డైలాగు అయిపోయింది. "ఒక షరతు. నీ మేనల్లుడు పబ్లియస్ కూడా బతక్కూడదు, ఆంటోనీ." రెండోది. ఆంటోనీ చుక్క పెట్టేసి, నువ్వెళ్ళి సీజర్ ఇంట్లో వీలునామా పట్టుకురా, జనానికి రాసిచ్చిన దాంట్లో కొంత కోత పెడదాం, అంటాడు. "నేనొచ్చేసరికి మీరిక్కడే ఉంటారా?" మూడోది. వెళ్ళిపోతాడు. తిరిగి రాడు.

అతను గడప దాటగానే ఆంటోనీ మొదలెడతాడు. వీడు పనులు చేసిపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాడు, ప్రపంచంలో మూడో వంతు వీడికెందుకు? బంగారం మోసే గాడిదలా మనం ఎటు తోలితే అటు మోస్తాడు, మోత దించాక చెవులు విదిలించుకుంటూ బీట్లో మేస్తాడు. ఆక్టేవియస్, పాపం, మంచి సైనికుడు కదా అంటాడు. "నా గుర్రమూ అంతే. అందుకే దానికి మేత పెడుతున్నాను" అంటాడు ఆంటోనీ. ఆ మాట దగ్గర రిహార్సల్లో అందరూ నా వంక చూసి నవ్వారు. మేత వ్యాపారం చేసేవాడికి ఇంతకన్నా తగిన వేషం లేదట.

సరే, కొట్టు సంగతి. డిసెంబర్ 28న నేనూ, ఆంటోనీ వేసే మా సిమెంట్ డీలరూ బండి మీద పాలకొల్లు వెళ్ళాం. మేం రోమన్ డ్రెస్సులంటే పెద్దాయన కంగారు పడతాడనుకున్నాం. రాయబారం సీనుకి, కాటి సీనుకి డ్రెస్సులిచ్చేవాడి దగ్గర రోమ్ ఎక్కడుంటుంది? ఆయన కళ్ళజోడు పైకెత్తి, "పిలాతు కావాలా, హేరోదు కావాలా?" అన్నాడు.

మన డెల్టాలో ఊరూరా చర్చి ఉంది. క్రిస్మస్‌కి బాల యేసు నాటకం, గుడ్ ఫ్రైడేకి సిలువ నాటకం. రోమన్ సైనికులు, శతాధిపతి, హేరోదు రాజు, యేసుకి సిలువ వేయించిన రోమన్ గవర్నరు పొంతి పిలాతు, అందరూ ఆయన ట్రంకు పెట్టెల్లోనే ఉంటారు. ఎర్ర పైబట్టలు, కుచ్చు పెట్టిన హెల్మెట్లు, రేకు కవచాలు. హైదరాబాదు నుంచి తెప్పించాలేమో, ఆన్‌లైన్లో కొనాలేమో అని మా కమిటీ వారం రోజులు వాట్సాప్‌లో కొట్టుకుంది. వీరవాసరానికి అరగంట దూరంలో రోమ్ ఉందని ఎవరికీ తట్టలేదు.

ఇంటి లోపల మండువా చుట్టూ ట్రంకు పెట్టెలే. ఒక్కో పెట్టె మీద సుద్దతో రాసి ఉంటుంది: కృష్ణుడు పెద్ద, కృష్ణుడు చిన్న, యమ, నక్షత్రక, క్రీస్తు సెట్, ఆడ. మూత తీస్తే కలరా ఉండల వాసన, దాని కింద పాత గమ్ వాసన, దాని కింద ఎవరెవరిదో చెమట. చివర్న పెద్ద చెక్క పెట్టె మీద 'ప్రాపర్టీలు' అని ఉంది. అందులో బాకులు, విల్లంబులు, కమండలం, ప్లాస్టిక్ పళ్ళు, కాటికాపరి కర్ర.

ఆ మాట చూసి నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆంటోనీ, లెపిడస్ గురించి ఆఖరున అనేది సరిగ్గా అదే: వాడి గురించి మాట్లాడాలంటే ఒక ప్రాపర్టీ గురించి మాట్లాడినట్టు మాట్లాడు. షేక్స్‌పియర్ వాడిన ఇంగ్లీషు మాట అదే. మాస్టారు దాన్ని 'పనిముట్టు' అని తెలుగు చేశారు. ఆ రాత్రి ఆయనకి ఫోన్ చేసి, ఇక్కడ పెట్టె మీద ఇలా రాసుందండీ అంటే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజుల్లో కూడా స్టేజీ సామాన్ని ఆ మాటతోనే పిలిచేవాళ్ళురా. షేక్స్‌పియర్ వేరే నాటకంలో స్టేజీ సామాను జాబితాకి కూడా అదే వాడాడు. మార్చకు, ప్రాపర్టీ అనే ఉంచు" అన్నారు. స్క్రిప్టులో ఆ ఒక్క మాట డ్రెస్సుల కొట్టు ఇచ్చింది. బిల్లులో వెయ్యలేదు.

డ్రెస్సులు తీయడం మొదలుపెట్టాం. సీజర్‌కి పిలాతు డ్రెస్: తెల్ల పట్టు అంగీ, ఊదా అంచు పైబట్ట, నడుముకి బంగారు తాడు. బ్రూటస్ బృందానికి తెల్లవి, ఎర్రంచువి. అసలు రోమన్ టోగా అంటే అర్ధచంద్రాకారంలో చాలా పెద్ద గుడ్డట, ఎడమ భుజం మీద వేసి కుడి చెయ్యి ఖాళీగా ఉంచుతారట. పెద్దాయన దానికి రెండు పంచెలు జోడించి కుట్టించి పెట్టాడు. "కండువా తిప్పడం రానివాడు టోగా తిప్పలేడు బాబూ" అని ఆయనే కట్టి చూపించాడు. ప్యాంట్లకి అలవాటైన మావాళ్ళకి నాలుగు రోజులు పట్టింది. పెళ్ళిళ్ళలో పంచె కట్టే, బ్రూటస్ బృందంలో కాస్కా వేసే మావాడికి ఒక్క నిమిషం.

నా వంతు వచ్చింది. "మీదేం వేషం?"

లెపిడస్ అని చెప్పాను.

"ఏం మాట్లాడతాడు?"

మూడు డైలాగులూ చెప్పాను. ఆయన పక్కన 'క్రీస్తు సెట్' అన్న పెట్టెలోంచి ఒక గౌను తీశాడు. ముదురాకుపచ్చ శాటిన్, ఛాతీ మీద తగరపు బిళ్ళలు, చేతుల చివర గొర్రె ఊలు లాంటిదేదో. అది క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురిలో మూడోవాడి గౌను. బంగారం తెచ్చినవాడిది కాదు, సాంబ్రాణి తెచ్చినవాడిది కాదు, బోళం తెచ్చినవాడిది. క్రిస్మస్ నుంచి వచ్చి మూడు రోజులే అయింది, ఇంకా ఉతకలేదు. తలకి పాగా కూడా ఇచ్చాడు.

నాకు కోపం వచ్చింది. వేషం చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ మిగిలిన ఇద్దరూ తెల్ల టోగాల్లో కూర్చుంటే నేను ఆకుపచ్చ శాటిన్లో పాగాతో కూర్చుంటే జనం నా మొదటి డైలాగుకే నవ్వుతారు. ఆ డైలాగు ఏమిటి? సొంత అన్నని చంపడానికి ఒప్పుకోవడం. అక్కడ నవ్వొస్తే సీను చచ్చినట్టే.

ఇది మాస్టారు నెల రోజులుగా నా బుర్రలోకి ఎక్కించిన సంగతి. అందరూ లెపిడస్‌ని వెర్రిబాగులవాడు అనుకుంటారు, ఆంటోనీ అన్నాడు కాబట్టి. ఆంటోనీ మాట మనమెందుకు నమ్మాలి? అన్న ప్రాణం అడిగితే కన్నార్పకుండా ఒప్పుకుని, వెంటనే దానికి బదులుగా అవతలివాడి మేనల్లుణ్ణి అడిగినవాడు అమాయకుడా? మన వైపు మేనల్లుడంటే మామూలు వరస కాదు, పిల్లనిచ్చే వరస. ఆ బేరం నోరు తిరగని వాడు ఆడేది కాదు. అతనికి తెలీనిదల్లా ఒక్కటే, బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు కాబట్టి వాటా ఇస్తారనుకున్నాడు. మా చెరువుల దగ్గర ఇలాంటి మూడో వాటాదారులు నాకు కనీసం నలుగురు తెలుసు. ఒకడిది పెట్టుబడి, ఒకడిది భూమి. మూడోవాడు లైసెన్సు కాయితాలకి, కరెంటు ఆఫీసుకి, మేత అప్పుకి నా కొట్టుకి తిరుగుతుంటాడు. రొయ్యల పట్టుబడి రోజున లారీ వెళ్ళిపోయాక వస్తాడు. అలాగని వాళ్ళెవరూ మంచివాళ్ళేం కాదు, పక్క రైతు కాలవకి అడ్డం కట్టింది వాళ్ళే.

ఇదంతా పెద్దాయనకి చెప్పలేదు. ఒక్క కథ చెప్పాను, అది మాస్టారు చెప్పిందే. నాటకంలో ఆ సీను రోమ్‌లో ఒక ఇంట్లో జరుగుతుంది. అసలు చరిత్రలో ఆ ముగ్గురూ కలిసింది క్రీ.పూ. 43లో, ఇటలీ ఉత్తరాన, ఒక నది మధ్య లంకలో.

"లంకలోనా?" అన్నాడు. అప్పటిదాకా గౌనుకి బొత్తాం కుడుతున్న మనిషి సూది ఆపాడు. లంక అంటే మన వాళ్ళకి చెప్పక్కర్లేదు కదా, ఆయనది గోదావరి అవతల గట్టు, నాగుల్లంక వైపు.

అవును, లంకలోనే. ఆంటోనీ, ఆక్టేవియస్ ఒకరినొకరు నమ్మరు. చెరో గట్టు మీద సైన్యాలు ఆపుకున్నారు. మధ్యవర్తి లెపిడస్. అతనే ముందు ఒక్కడూ లంకలోకి వెళ్ళి, ఎవరైనా దాక్కున్నారేమోనని అంతా వెతికి, ఏమీ లేదని తన పైబట్ట తీసి ఊపాడు. అది చూసి ఇద్దరూ వచ్చారు. రెండు రోజులు మాట్లాడుకున్నారు. అప్పియన్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడిది. ఆ జాబితాలో 300 మంది దాకా సెనేటర్ల పేర్లు ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. లెపిడస్‌కి లంకలతోనే రుణం: సీజర్‌ని చంపిన రోజున కూడా అతని సైన్యం రోమ్‌లో టైబర్ నది మధ్య లంకలోనే ఉంది. ముందు రోజు రాత్రి సీజర్ భోంచేసింది లెపిడస్ ఇంట్లోనే.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. గౌను మడిచి పెట్టెలో పడేశాడు. "పైబట్ట ఊపినవాడికి పాగా ఏంటండీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని లేచి, సీజర్‌కి తీసిన ఊదా అంచు పైబట్టకి జోడు తీసుకొచ్చాడు. అలాంటిది ఆయన దగ్గర రెండే ఉన్నాయి. మా ఆంటోనీ ముఖం మాడింది, వాడికి ఎర్రంచే.

తర్వాత ఆయన చెప్పింది వినండి, నేను ఈ కొట్టుకి రేటింగులో నాలుగు చుక్కలు (స్టార్లు) ఇచ్చింది దీనికే. ఆయన కుర్రతనంలో రాయబారం సీన్లో పద్యం లేని వేషాలు వేశాడట. దుర్యోధనుడి సభలో కూర్చుని ఉండే రాజు. తెర తీసేటప్పటికి కూర్చోవాలి, తెర పడేదాకా కూర్చోవాలి, అంతే. "మాట లేనివాడికి కాళ్ళుంటాయి బాబూ. వచ్చినప్పుడు తెలియాలి, వెళ్ళినప్పుడు తెలియాలి" అన్నాడు. పెట్టెలోంచి ఒక జత చెప్పులు తీశాడు. శతాధిపతివి. దళసరి తోలు, అడుగున ఇనప లాడాలు. చెక్క స్టేజీ మీద నడిస్తే టక్ టక్ మని వెనక వరసదాకా వినబడతాయి. "ఇవేసుకుని వెళ్ళండి. ఆ తిట్టేవాణ్ణి మీ చప్పుడు ఆగేదాకా ఆగమనండి."

మాస్టారికి చెబితే, ముప్ఫై ఏళ్ళు ఆ సీను పాఠం చెప్పాను, నాకు తట్టలేదురా అన్నారు.

ఇప్పుడు నాణ్యత గురించి, డ్రెస్సులు తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం. గుడ్డలు పాతవే కానీ గట్టివి. ఉతుకుతారని ఆశ పెట్టుకోవద్దు, మనమే ఉతికించుకోవాలి, అదీ చేత్తో, జరీ ఉన్నవి అసలు వద్దు. హెల్మెట్లు పెద్ద తలలకి పట్టవు. మా బ్రూటస్ తలకి ఏదీ పట్టక రెండో భాగమంతా చంకలో పెట్టుకుని తిరిగాడు, చూసినవాళ్ళకి అది బాగానే అనిపించిందట. బాకులు చెక్కవి, వెండి కాయితం అంటించినవి. కొత్తగా అంటించమని ముందే అడగండి, అడగకపోతే ఇవ్వరు. విగ్గుల జోలికి మాత్రం పోకండి. జ్యోతిష్కుడి వేషానికి తెల్ల విగ్గూ గడ్డం తీసుకున్నాం. దాని వాసనకి మావాడు సీజర్‌కి మార్చి పదిహేను జాగ్రత్త అని చెప్పాల్సిన చోట తుమ్మాడు. గమ్ వల్ల చర్మం మీద దద్దుర్లొచ్చి సంక్రాంతి మూడు రోజులూ గడ్డం గీసుకోలేదు. ఆడ డ్రెస్సులు చూశాం, కానీ సీజర్ భార్య కల్పూర్నియా వేసినావిడ ఆ పెట్టె వాసన చూసి తన పట్టుచీరే కట్టుకుంటానంది. రోమ్‌లో ధర్మవరం. ఎవరూ ఏమీ అనలేదు.

రేట్లు: డ్రెస్ ఒక్కోటి రోజుకి 350, సీజర్‌ది 600. పదకొండు డ్రెస్సులకి 4100. నాలుగు హెల్మెట్లు 320, ఆరు బాకులు 300. మొత్తం 4720, చెప్పులు డ్రెస్సుతోపాటే. మేకప్ మనిషికి విడిగా 2500, ఆయన కొట్టు మనిషి కాదు కానీ పెద్దాయనే పిలిపిస్తాడు. డిపాజిట్ 5000. ఫోన్‌పే తీసుకుంటారు, మనవడు చూస్తాడు. రసీదు ఇవ్వరు, పొడుగు పుస్తకంలో రాసుకుంటారు. డిపాజిట్ ఇచ్చేటప్పుడు ప్రతి వస్తువూ ఫోన్లో ఫొటో తీసుకోండి. నేను తీయలేదు.

నాటకం రోజు. కాలేజీ మైదానంలో ఓ మూడొందల కుర్చీలు వేశాం, చలికి సగం మంది దుప్పట్లు కప్పుకుని వచ్చారు. నేను సీజర్‌ని పొడిచే సీన్లో కూడా ఉన్నాను. 1623లో అచ్చయిన తొలి సంపుటిలో ఆ సీను మొదట వచ్చేవాళ్ళ జాబితాలో లెపిడస్ పేరు ఉందని మాస్టారు పట్టుబట్టి నిలబెట్టారు. మాట లేదు, ఎప్పుడు వెళ్ళాలో రాసి లేదు. హత్య అయ్యాక ఆంటోనీ ఏడీ అని అడుగుతారు. లెపిడస్ ఏడీ అని ఎవడూ అడగడు. జనం కేకలేసే గోలలో కలిసి బయటికి వచ్చేశాను, లాడాల చప్పుడు అప్పుడెవరికీ వినబడలేదు.

నాలుగో అంకం. బల్ల, మూడు కుర్చీలు, లాంతరు. "మీ అన్న కూడా చావాలి." ఆక్టేవియస్ వేసిన కుర్రాడు డిగ్రీ రెండో ఏడు, నా కొడుకు వయసు. వాడు ఆ మాట నా కళ్ళలోకి చూసి అంటే, ఒప్పుకుంటాను అనడానికి నాకు నిజంగా ఒక క్షణం పట్టింది. ఎవరూ నవ్వలేదు. ఊదా అంచు భుజం మీద సర్దుకుని రెండోది చెప్పాను. లేచాను. "నేనొచ్చేసరికి మీరిక్కడే ఉంటారా?"

"ఇక్కడో, లేదంటే క్యాపిటోల్‌లోనో" అన్నాడు ఆక్టేవియస్.

నడిచాను. టక్, టక్, టక్. పెద్దాయన చెప్పినట్టే మైదానమంతా ఆ చప్పుడే. నాలుగో అడుగుకి ఎడమ చెప్పు పట్టీ పుటుక్కుమని తెగింది. కాలు ముందుకి వచ్చింది, చెప్పు రాలేదు. వెనక్కి తిరిగి తీసుకోవాలా? రోమ్‌లో మూడో వంతుకి యజమాని చెప్పు ఏరుకుంటాడా? ఆ టెన్షన్లో అలాగే నడిచేశాను. టక్, తప్. టక్, తప్.

వింగ్‌లో నిలబడి వింటున్నాను. నవ్వులు వచ్చాయి. అవి తగ్గేదాకా మా ఆంటోనీ ఆగాడు. సిమెంట్ అమ్మేవాడికి బేరం ఎక్కడ ఆపాలో తెలుసు. లేచి, స్టేజీ మధ్యకి వచ్చి, ఆ చెప్పుని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. మాటలన్నీ దాన్ని చూస్తూనే అన్నాడు. పనికిరాడన్నాడు, గాడిద అన్నాడు, మేత అన్నాడు. చివరికి, "వాడి గురించి మాట్లాడాలంటే ప్రాపర్టీ గురించి మాట్లాడినట్టు మాట్లాడు" అని, ఆ చెప్పుని బల్ల కిందకి విసిరేశాడు.

చప్పట్లు. ఆ సాయంత్రం మొత్తంలో, శవం దగ్గర ఉపన్యాసానిక్కూడా అన్ని రాలేదు. నేను ఒక కాలికి చెప్పుతో చీకట్లో నిలబడి ఉన్నాను, చిన్నతనంగానూ ఉంది, నవ్వూ వస్తోంది. మా ఆవిణ్ణి అడిగితే, "మీరు వెళ్ళాకే బాగుంది" అంది.

కనుమ మర్నాడు డ్రెస్సులు తిరిగివ్వడానికి వెళ్ళాను. మనవడు అన్నీ లెక్క చూసి డిపాజిట్లో 200 తగ్గించి 4800 పంపాడు. చెప్పు పట్టీకట. ఆ పట్టీ ముందే పురికొసతో కుట్టి ఉందని, పైన నల్ల పాలిష్ పూశారని, తెగాకే కనబడిందని చెప్పాను. "తీసుకెళ్ళినప్పుడు బాగానే ఉంది కదా అంకుల్" అన్నాడు. ఫొటో లేదు కదా, నా దగ్గర సాక్ష్యం లేదు. గొడవ విని పెద్దాయన లోపల్నించి వచ్చాడు. జరిగిందంతా చెప్పించుకున్నాడు, చెప్పు ఎత్తి పట్టుకున్న దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"సీను పండిందా?"

"పండిందండి."

"మరి రెండొందలు ఎక్కువా?"

ఇదేం న్యాయం? పండింది ఆంటోనీకి, కోత నాకు. పుస్తకంలో ఆయనే స్వయంగా రాశాడు, నేను తలకిందులుగా చదివాను: 'లెపిడస్ చెప్పు ఎడమ 1, పట్టీ.' డబ్బు వెనక్కి రాలేదు. ఒక చుక్క తగ్గించింది అందుకే, ఐదుకి నాలుగు. కొట్టు పొద్దున్న తొమ్మిదికి తీస్తారు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు పెద్దాయన పడుకుంటాడు, అప్పుడు వెళ్తే మనవడుంటాడు, వాడికి ఏ పెట్టెలో ఏముందో తెలీదు. క్రిస్మస్ ముందు పది రోజులు, శివరాత్రికి ముందు వారం ఏదీ దొరకదు.

మాస్టారికి ఇప్పుడు కొత్త ఆలోచన వచ్చింది. వచ్చే ఏడు 'ఆంటోనీ అండ్ క్లియోపాత్రా'లోంచి ఒక్క సీను, పడవ మీద విందు. అందులో కూడా లెపిడస్ ఉన్నాడు, నేనే వెయ్యాలట. తాగి తూలుతూ ఈజిప్టు మొసలి ఎలా ఉంటుందని ఆంటోనీని అడుగుతాడు. ఆంటోనీ, అది దానిలాగే ఉంటుంది, దాని వెడల్పు ఎంతో అంత వెడల్పు, దాని కాళ్ళతోనే నడుస్తుంది, అంటాడు. రంగేంటి? దాని రంగే. లెపిడస్, వింత పాము సుమా అని తలూపుతాడు. చివరికి ఒక నౌకరు అతన్ని భుజాన వేసుకుని మోసుకుపోతుంటే, ఆ నౌకరు ప్రపంచంలో మూడో వంతు మోస్తున్నాడు చూడు అని పక్కవాళ్ళు నవ్వుతారు. ఆ తర్వాత ఇంకో సీన్లో, ఆక్టేవియస్ అతన్ని పక్కకి నెట్టి బంధించాడని వార్త వస్తుంది, అంతటితో అయిపోతాడు. చరిత్రలో మాత్రం క్రీ.పూ. 36లో అధికారం ఊడగొట్టించుకుని, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో కూర్చుని, ఆంటోనీ పోయాక ఇంకో పదిహేనేళ్ళకి పైనే బతికాడు. ఈ ముక్క మా సిమెంట్ డీలర్‌కి నేను వారానికోసారి గుర్తు చేస్తుంటాను.

మొసలి స్టేజీ మీద కనబడాల్సిన అవసరం లేదు. కానీ పడవ వెనకాల ఒకటి పెడితే బాగుంటుందని నాకు తోచింది. మొన్న కొట్టుకి ఫోన్ చేశాను, పెద్దాయనే ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టాడు, చెప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"తాతగారూ, మీ దగ్గర మొసలి ఉందా?"

"ఆయ్, గజేంద్రమోక్షంది ఉందండి. తోక లేదు. ఏనుగుది కూడా తొండం పోయింది, మొసలి నయం."

"ఎంతుంటుంది?"

"మొసలంత ఉంటుంది."

నాకు నవ్వు ఆగడం లేదు. అడక్కుండా ఉండలేకపోయాను. "రంగు?"

"మొసలి రంగేనండి. ఎన్ని రోజులకి కావాలి?"